తొంభై తొమ్మిదిన్నర

మిర్యాలగూడ,
జూన్ 12.

హిమజకు అమ్మమ్మ రాస్తున్నది.

ఆశీర్వాదాలు ముందే రాసేస్తున్న. చివరికి వచ్చేసరికి కోపంల మర్చిపోతనేమో.

నువ్వు కొండెక్కి వారమైంది. మీ కోచ్ వీరేందర్ అందరి ఫోన్లు గుంజుకొని బీరువాల పెట్టి తాళమేసిండని, ఆదివారం ఒక్కసారి అయిదు నిమిషాలు ఇస్తడని మీ అమ్మ ఆండాళు చెప్పింది. ఆ అయిదు నిమిషాలు ఆమె ఏడ్వడానికే చాలవు. నాకు ఎట్లాగూ ఫోన్ల నీ మాట వినపడది. చెవుల మిషన్ పెట్టుకుంటే మా వెనక రైసుమిల్లు చప్పుడు తప్ప ఇంకోటి వినరాదు. కనుక ఉత్తరాలు రాసుకుందాం. ఇందుల ఇంకో లాభం ఉన్నది. మాట్లాడేటప్పుడు అబద్ధం నోట్ల నుంచి జారిపోతది. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతది. ముప్పైనాలుగేండ్లు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, ఆ ఆగిన చోటు నాకు కనబడుతది.

మొన్న సూర్యాపేట పోయినప్పుడు బస్టాండు ఎదురుంగ మీ కాలనీవాళ్లు కట్టిన ఫ్లెక్సీ చూసిన. ‘పర్వత శిక్షణకు ఎంపికైన మన ఆడబిడ్డ హిమజకు శుభాకాంక్షలు.’ నీ మొకం తపాలా బిళ్లంత ఉన్నది, కట్టించిన నాయకుల మొకాలు తాంబాళాలంత ఉన్నయ్. ఏ పందెం గెలిచిందని ఇంత సన్మానం అని మీ అమ్మను అడిగిన. మూడు రోజులు నాతోని మాట్లాడలేదు. ప్రశాంతంగ ఉండె.

పదివేల మీటర్లు ఉరికే పిల్లకు నవంబరుల రాష్ట్ర పోటీలు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. నిన్ను పంపమని ఆండాళును ఒప్పించింది నేనే. ఒప్పించిన పాపానికి ఆ వీరేందర్ మీద అనుమానపడే హక్కు కూడ నాదే. ఆయన నవ్వితే పండ్లన్నీ కనబడుతయ్, కండ్లు మాత్రం నవ్వవు.

నేను పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పిన. ఎత్తు మీద గాలి పలచన, ఆడ ఉరికితే ఒంట్ల ఎర్ర రక్తకణాలు పెరుగుతయ్, కిందికొచ్చి ఉరికితే ఆ బలం పనికొస్తది. ఇదంతా చదివి చెప్పుడే కాని నా జన్మల ఒక్క కొండ ఎక్కలేదు. నువ్వు చూసి రాయి. ఎంత ఎత్తు, ఏం బాటలు, ఏం తిండి, అన్నం ఉడుకుతున్నదా.

మీ అమ్మమ్మ,
వెంకటనర్సమ్మ


కొండ మీద క్యాంపు,
జూన్ 25.

అమ్మమ్మకు హిమజ నమస్కారాలు.

నీ ఉత్తరం మెస్‌ల టేబుల్ మీద పెడితే అందరు మ్యూజియంల వస్తువును చూసినట్టు చూసిన్రు. శ్రుతి అయితే వాసన కూడ చూసింది. శ్రుతి నా రూమ్మేట్, మీ దగ్గరి మాడుగులపల్లి పిల్ల. పదిహేనువందల మీటర్లు ఉరుకుతది, ఉరుకనప్పుడు మాట్లాడుతది.

ఇది ఊటీకి అవతల, రెండువేల రెండువందల మీటర్ల ఎత్తు. ఘాట్ రోడ్డు మీదనే చెవులు మూసుకపోయినయ్. సూర్యాపేటల కొన్న చిప్స్ ప్యాకెట్ దిండు లెక్క ఉబ్బింది. బ్యాగుల పెన్ను కక్కి నా తెల్ల టీషర్టు నీలం చేసింది. రెండు మెట్లెక్కితే ముసలమ్మ లెక్క ఆయాసం వస్తది. నిన్ను అనలే. అన్నం గిన్నెల పెడితే మెతుకు మెతుకుకు నడుమ పలుకు ఉంటది, కుక్కర్ ఉండాల్సిందే. బట్టలు మూడు రోజులైనా ఆరవు. తడి సాక్సులు పొట్ట మీద వేసుకొని పండుకుంటున్నం.

ఉరికే బాటలు మూడున్నయ్. ఒకటి టీ తోటల నడుమ ఎర్రమట్టి బాట, ఎనిమిది కిలోమీటర్లు, అడుగు మెత్తగ పడుతది. రెండోది నీలగిరి చెట్ల కిందికెళ్లి. ఆడ సార్ మమ్ములను ముచ్చట పెట్టుకుంట ఉరకమంటడు. మాట ఆగిందంటే ఎక్కువ ఉరుకుతున్నట్టు లెక్క. శ్రుతిని ఇప్పటిదాకా ఆయన పట్టుకోలేకపోయిండు. మూడోదానికి మేమే ఏడుపు బాట అని పేరు పెట్టినం. కిలోమీటరున్నర నిట్టనిలువు ఎక్కుడు, ఆరుసార్లు. మొన్న మంచు దిగి పది అడుగుల ముందర ఏం కనబడలేదు. ముందు పిల్ల బూట్ల చప్పుడు విని ఉరికిన. భయమైంది, కాని అమ్మమ్మా, గంత మంచిగ నేనెప్పుడు ఉరకలేదు.

ఇక్కడ టైములు పెరుగుతయ్, పరేషాన్ కావద్దని సార్ ముందే చెప్పిండు. నాది పదివేలకు రెండు నిమిషాలు పెరిగింది.

మొన్న అందరి రక్తం తీసిన్రు. నాకు ఐరన్ తక్కువున్నదట. జూలైల అందరికి బలం సూదులు మొదలు పెడుతరట. పెద్ద ముచ్చట కాదు.

నీ మోకాళ్లు ఎట్లున్నయ్?

హిమజ


మిర్యాలగూడ,
జూలై 5.

హిమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి కొండ కోసం, రెండోసారి చివరి నాలుగు వాక్యాల కోసం. నువ్వు ‘పెద్ద ముచ్చట కాదు’ అన్న దగ్గరనే నీ చెయ్యి ఆగింది.

నాకు ఒక్కటి అర్థం కాలేదు. రక్తం పెంచుకునేందుకే మీరు కొండెక్కితిరి. రక్తం సూదుల నుంచి వచ్చేదైతే కొండ ఎందుకు? కొండతోని పెరిగేదైతే సూది ఎందుకు? ఇది మీ కోచ్‌ను అడుగు. నేనడిగిన అని చెప్పే అడుగు.

అందరికి అంటున్నవ్. అందరికీ ఐరన్ తక్కువున్నదా? పదిమంది ఆడపిల్లల రక్తం పరీక్ష చేస్తే పది తీర్ల అంకెలు రావాలె. పదిమందికీ ఒకటే మందంటే ఆ పరీక్ష ఎవరో పాత రికార్డు చూసి రాసుకున్నరన్నట్టు. ప్రాక్టికల్స్‌ల గిట్ల రాసిన రికార్డులు నేను వందలు చూసిన.

ఇగ విను. ఐరన్ సూది మందు ముదురు రంగుల ఉంటది, చిక్కటి కషాయం తీరు. మీ తాతకు దవాఖానల ఎక్కించినప్పుడు నేను పక్కనే కూసున్న. ఎక్కించినంతసేపు నర్సు కండ్లు ఆయన మీదనే ఉండె. అది కోచ్ చేసే పని కాదు. సూది ఎవరు వేస్తున్నరో, సీసా మీద ఏం పేరున్నదో చూసి రాయి. సీసా దొరికితే దాచిపెట్టు. పేరు చదవనియ్యని మందు ఒంట్లకు పోవద్దు.

వీరేందర్ మంచోడే కావచ్చు. నేను తప్పని తేలితే ఆయనకు క్షమాపణ ఉత్తరం నా చేత్తోనే రాస్త. నాకు అది అలవాటు లేదు కనుక కొంచెం టైం పడుతది.

మోకాళ్లు ఉన్నయ్. రెండూ ఉన్నయ్.

అమ్మమ్మ


కొండ మీద క్యాంపు,
జూలై 30.

అమ్మమ్మకు,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ప్రాక్టీసు ఎక్కువున్నది.

సూదుల గురించి పరేషాన్ కాకు. సూదులేం లేవు. ఇగ ఆ ముచ్చట ఖతం.

ఇక్కడ అంతా మంచిగున్నది. పొద్దున అయిదింటికే మొదలు పెట్టి ఎండెక్కకముందే ముగిస్తున్నం. చెమట బాగ పోతున్నది, చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్న. పదివేలల నా టైం తగ్గింది, ఇంటి దగ్గర ఉరికినదాని కన్న నలభై సెకన్లు తక్కువ. తిండి మంచిగున్నది, ముద్దపప్పు, అన్నం. బాటలు కూడ మంచిగున్నయ్.

అమ్మ దిగులు పెట్టుకోవద్దని చెప్పు. ఆదివారం ఫోన్ చేస్త. నంబరు మారింది, అది క్యాంపు మేనేజర్‌ది.

హిమజ


మిర్యాలగూడ,
ఆగస్టు 11.

హిమజకు,

నీ ఉత్తరంల ‘మంచిగున్నది’ అనే మాట మూడుసార్లున్నది. లెక్కపెట్టిన. జూన్‌ల రాసిన ఉత్తరంల మంచు, చిప్స్ ప్యాకెట్, పొట్ట మీద సాక్సులు ఉండె. ఇందుల ఏం లేదు. శ్రుతి కూడ లేదు. ఒక్క ఉత్తరంలనే శ్రుతి నోరు మూతపడిందంటే నమ్మేదాన్ని కాదు.

ఇగ నా అనుమానాలు. వరుస పెట్టను, నా తలకాయల ఎట్లొస్తే గట్ల రాస్త.

ఎండెక్కకముందే అన్నవ్. జూలై నెలల ఆ కొండ మీద ఎండ ఎవరిచ్చిన్రు? ముందు బట్టలు మూడు రోజులకు ఆరలేదు, ఇప్పుడు చెమట పోతున్నది. నెల కింద పలుకు పలుకుగున్న అన్నం పక్కకు ఇప్పుడు ముద్దపప్పు వచ్చింది. వంటమనిషి మారిందనుకుందాం. మరి టైం సంగతి? గాలి పలచనైన చోట టైములు పెరుగుతయ్ అని నీ కోచే చెప్పిండని నువ్వే రాసినవ్. నెల తిరిగేసరికి ఇంటి దగ్గరి టైం కన్న నలభై సెకన్లు తగ్గిందంటున్నవ్. అయితే నీ ఒంట్ల ఏదో పోసిన్రు, లేకపోతే నీ కాళ్ల కిందికెళ్లి కొండ గుంజిన్రు. రెండిట్ల ఏది నిజమైనా నేను తెలుసుకోవాలె.

ఇంకోటి. ముందటి ఉత్తరం ఆరు రోజులల్ల చేరింది. ఇది పదకొండు రోజులు పట్టింది. ముద్ర మాత్రం ఆ కొండ పోస్టాఫీసుదే.

మీ అమ్మకు ఏం చెప్పలేదు. ఆమెకు చెప్తే ఫ్లెక్సీ కట్టిన నాయకులను వెంటేసుకొని వస్తది.

నాకొక్క పని చేసిపెట్టు. థర్మామీటర్ సంపాదించు, జ్వరం చూసేది కాదు, ల్యాబుల వాడేది. గిన్నెల నీళ్లు పెట్టి, బుగ్గలొచ్చి మసిలేటప్పుడు అంకె చూసి రాయి. గిన్నె అడుగుకు తాకనియ్యకు. అంతే. క్షేమంగ ఉన్నానని, బాగున్నానని రాయకున్నా ఏం ఫికర్ లేదు. ఒక్క అంకె రాసి పంపు.

అమ్మమ్మ


కొండ మీద క్యాంపు,
ఆగస్టు 22.

అమ్మమ్మకు,

నువ్వు రిటైరై పదహారేండ్లైనా హోంవర్క్ ఇస్తనే ఉన్నవ్.

థర్మామీటర్ దొరికింది. నువ్వు చెప్పినట్టే గిన్నె అడుగుకు తాకకుండ దారం కట్టి వేలాడదీసి చూసిన. మూడుసార్లు చూసిన. 99½ వచ్చింది. పక్కన ఒక అంకె కొట్టేసి ఉంటది, ఏమనుకోకు, పెన్ను కక్కింది.

ఇంకేం రాయాలో తెలుస్తలేదు. కాగితం కూడ ఒక్కటే ఉన్నది.

నేను దొంగతనం చేయలేదు అమ్మమ్మా. అంత వరకు నమ్ము.

హిమజ


మిర్యాలగూడ,
సెప్టెంబరు 9.

హిమా,

అంకె చేరింది. థాంక్స్.

మోకాళ్లు పట్టేసినయ్. వారం నుంచి గడప దాటలేదు. పక్కింటి కళ్యాణి పాలు తెచ్చిస్తున్నది, దాంతోపాటు వాడల ముచ్చట్లు కూడ పోసిపోతున్నది. నీకు రాయాల్సిన వార్తలేం లేవు కనుక ఒక పాత సంగతి రాస్త. ఇది మీ అమ్మకు తెలియదు, మీ తాతకు కూడ చెప్పలేదు.

1998ల పదో తరగతి పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టిన. నీళ్లు ఎంత వేడికి మసులుతయో చూసి రాయాలె. మన బడులల్ల ఎట్లుంటదో నీకు తెలుసు. పై తరగతి అక్కల రికార్డు ఇంటికి తీస్కపోతరు, అంకెలన్నీ దించుకుంటరు, ల్యాబుల నిలబడి థర్మామీటర్ దిక్కు మొకం పెట్టి రాస్తున్నట్టు నటిస్తరు. మాకు తెలుసు. మేం చూడనట్టు ఉండేవాళ్లం. అంకె సరిగ్గ ఉంటే మార్కు వేసేవాళ్లం.

నలభై మందిల ముప్పైతొమ్మిది మంది 100 అని రాసిన్రు. ఒక్క పిల్ల 97 అని రాసింది. తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చి హాస్టల్ల ఉండి చదువుకునేది. పేరు గుర్తున్నది, రాయను. అందరి ముందర నిలబెట్టిన. ‘నీళ్లకు తెలుసు ఎప్పుడు మసలాలో, నీకే తెల్వది’ అన్న. అందరు నవ్విన్రు. నేనే నవ్వించిన. ఆమె ‘నేను చూసిన టీచర్, గంతనే ఉన్నది’ అన్నది. అబద్ధమాడుతున్నవని ఇంకో రెండు మార్కులు కోసిన.

తర్వాతి ఏడు కొత్త థర్మామీటర్లు వచ్చినయ్. పాతవాటి పక్కన పెట్టి చూస్తే, ఆ బల్ల మీద ఉండే పాతది మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తున్నది. అంటే ఆ రోజు ఆ గదిల థర్మామీటర్ దిక్కు నిజంగ చూసింది ఆ ఒక్క పిల్లనే. అప్పటికే ఆమె చదువు మానేసి పోయింది. తిరుమలగిరి బస్సు రోజూ మా బడి ముందరికెళ్లే పోయేది. నేనెక్కలేదు. ఎక్కి ఉంటే ఒక్క పూట పని.

ఇరవై ఏడేండ్లకు మొదటిసారి ఒకరికి చెప్తున్న. చెప్తే తేలికైతదని అంటరు కదా, అయితలేదు. కాని చెప్పకముందున్న తీరుగ కూడ లేదు.

నువ్వు చెప్పుకోవాల్సింది ఏమన్న ఉంటే నాకు తొందరేం లేదు. గడప దాటనిదానికి తొందరెందుకు?

అమ్మమ్మ


కోదాడ,
సెప్టెంబరు 26.

అమ్మమ్మా,

పైన ఊరు పేరు చూసినవ్ కదా. నేను కొండ మీద లేను. జూలై పదిహేను నుంచి లేను.

జూలై ఏడున మొదటి సూది వేసిన్రు. నర్సు లేదు, డాక్టర్ లేడు, సారే వేసిండు. టిఫిన్‌కు ముందు లైన్ల నిలబెట్టిండు. నా వంతు వచ్చేసరికి నేనేం అడగలేదు. అందరు వేసుకుంటున్నరు, నేను కూడ చెయ్యి చాపిన. ఇదొక్కటే నేను చేసింది. చిన్నదని చెప్పను.

పన్నెండున నీ ఉత్తరం వచ్చింది. ఐరన్ మందు కషాయం రంగుల ఉంటదని రాసినవ్. నాకు వేసింది నీళ్ల లెక్క ఉండె. ఆ రోజంతా నేను ఉరుకుతనే ఉన్న, ఏ బాట మీద ఉరికిన్నో గుర్తులేదు. పద్నాలుగున రెండో సూది. సార్, ఇది ఐరన్ కాదు కదా, పేరు చూపియ్యండి అన్న. ‘నువ్వు డాక్టరువా?’ అన్నడు. మా అమ్మమ్మ అడగమన్నది అన్న. నవ్విండు, నువ్వన్నట్టు పండ్లతోని. తర్వాత పక్కకు పిలిచి చెప్పిండు. వేసుకో, లేకపోతే పో. పోయి నోరు తెరిస్తే ముందు పోయేది నీ పేరే, చెయ్యి చాపింది నువ్వు. రెండోది వేసుకోలేదు, తెల్లారి బ్యాగు సర్దుకొని కొండ దిగిన.

చెత్తబుట్టల నుంచి ఒక సీసా తీసుకున్న, నువ్వు చెప్పినట్టు. దాని మీది కాగితం గీకేసి ఉన్నది. సగం అంటుకొని ఉన్నది, పేరు లేదు, కింద ఏవో అంకెలు ఉన్నయ్.

ఇంటికి ఎందుకు రాలేదంటవు. అమ్మమ్మా, సూర్యాపేట బస్టాండుల దిగితే ఆ ఫ్లెక్సీ కిందనే దిగాలె. నా మొకం కింద నేను బ్యాగు పట్టుకొని నిలబడాలె. బస్సుల కూసొని ఆ ముచ్చటే అనుకున్న. సూర్యాపేటల దిగలేదు, కోదాడ దాక పోయిన. ఇక్కడ మోతీబాయి అక్క ఉన్నది. నేను తొమ్మిదిల ఉన్నప్పుడు జిల్లా మీట్ల మా టీంకు మేనేజర్‌గ వచ్చింది. ఇప్పుడు ఇక్కడి హైస్కూల్ల పీఈటీ. ఏం అడగకుండ చాప పరిచింది. మూడో రోజు అడిగింది, చెప్పిన. పొద్దున నడిగూడెం దిక్కు కాల్వ కట్ట మీద నన్ను ఉరికిస్తది, స్కూటీ మీద వెనకొస్తది, తిడుతది. అమ్మకు చేసే ఫోన్ ఆమెదే.

నా ఉత్తరాలు కవర్ల పెట్టి శ్రుతికి పంపిస్తుంటి, ఆమె కొండ మీద డబ్బల వేసేది. నువ్వు రాసినవి ఆమె ఇక్కడికి పంపేది. నీ ల్యాబు ఉత్తరంతోపాటు శ్రుతి చీటీ వచ్చింది. ‘నాకు మూడోది అయింది. చేతులు వణుకుతున్నయ్. నీ టైం ఎంత?’ గంతే ఉన్నది. శ్రుతి చీటీ మూడు ముక్కలల్ల ముగిసిందంటే నువ్వే అర్థం చేసుకో.

నా టైం నిజంగనే తగ్గింది. అది కొండదో, సూదిదో, నాదో నాకు తెల్వది. ఉరుకుతుంటే సంతోషమైతది, వెంటనే అనుమానమొస్తది. నా కాళ్ల మీద నాకే అనుమానం. గిట్ల ఎప్పుడు లేకుండె.

నవంబరుకు ఇంకా అయిదు వారాలున్నయ్. మోతీబాయి అక్క నా పేరు పంపిస్తనంటున్నది. ఉరికితే నాకు తెలిసి ఉరికినట్టు. చెప్తే ఉరకనియ్యకపోవచ్చు, ఎన్నేండ్లో తెల్వది. నేను చెప్పింది ఎవరు నమ్ముతరు? రెండు నెలలు నీకే అబద్ధం రాసిన.

నేనేం చేయాలె?

హిమజ


మిర్యాలగూడ,
సెప్టెంబరు 30.

మోతీబాయి టీచర్ ఇంట్ల, కోదాడల ఉన్న హిమజకు,

ఈ ఉత్తరం నేరుగ మీ గుమ్మానికే వస్తది. శ్రుతికి శ్రమ తప్పింది.

ముందు నా అబద్ధం. గడప దాటలేదని రాసిన కదా. సెప్టెంబరు మూడున హుజూర్‌నగర్ మీదికెళ్లి కోదాడ బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టిచ్చిండు కండక్టర్. నీ ఊరు నాకెట్ల తెలిసిందంటవా? అంకె రాసి పంపిన కాగితం జవాబు పత్రాల అడిషనల్ షీట్. మూలకు దారం కట్టే రంధ్రం ఉన్నది. ముప్పైనాలుగేండ్లు ఆ రంధ్రంల దారం గుచ్చినదాన్ని, చీకట్ల పట్టుకున్నా చెప్త. వెనక బడి ముద్ర సగం పడ్డది, కోదాడ మండలం అని. బడి దగ్గర అటెండర్‌ను అడిగితే, మా పీఈటీ మేడం పొద్దున కాల్వ కట్ట మీద ఒక పిల్లను ఉరికిస్తదన్నడు. ఆ రాత్రి నాతోని పనిచేసిన పాత టీచర్ ఒకామె ఇంట్ల ఉన్న. తెల్లారి పోయి కాల్వ వంతెన మీద పల్లీల పొట్లం పట్టుకొని కూసున్న. నువ్వు నా ముందరికెళ్లి రెండుసార్లు ఉరికినవ్. తల ఎత్తలేదు. మోతీబాయి మాత్రం స్కూటీ ఆపి ‘ఎవరమ్మా’ అని అడిగింది. బస్సు కోసం అన్న. కాల్వ కట్ట మీదికి బస్సెట్ల వస్తదని పైకీ కిందికీ చూసింది. మంచి టీచరే.

పిలవలేదు ఎందుకంటే, నేను పిలిస్తే అది నేను పట్టుకున్నట్టు అయ్యేది. నువ్వు చెప్పినట్టు కాదు. తర్వాత ఇరవై మూడు రోజులు ఎట్ల ఆగిన్నో నన్నడగకు.

ఇగ ‘ఎవరు నమ్ముతరు’ అని అడిగినవ్ కదా.

నీ ఉత్తరంల కొట్టేసిన అంకెను కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూసిన. కింద 92 ఉన్నది. నీకు తెలుసన్నట్టు. కొండ మీద నీళ్లు ఎంతకు మసులుతయో పుస్తకంల చూసుకున్నవ్. ఆ ఎత్తుకు అదే రావాలె, ముప్పైతొమ్మిది మందిల ఏ ఒక్కరైనా అదే రాసి కవర్ మూసేవాళ్లు. నేను కూడ నమ్మేదాన్ని, ముసలిదాని అనుమానం అక్కడికే ఆగేది. నువ్వు 92 రాసినవ్, కొట్టేసినవ్, కోదాడ నీళ్లు చూపించిన 99½ రాసినవ్. దొరికిపోతవని తెలిసే రాసినవ్. రెండు నెలల అబద్ధంల నీ చేతికి ఒక్క అంకె మాత్రం అబద్ధం రాయరాలేదు. ఆ చెయ్యి, ‘ఒక్క సూదే వేసుకున్న’ అని రాస్తే నేను నమ్ముత. మిగిలినవాళ్ల సంగతి వాళ్లది. కాని ఒకరితోని మొదలవుతది, ఆ ఒకరు నేను.

ఏం చేయాలె అన్నవ్. మందుల పరీక్షలు చేసే పైఆఫీసు ఒకటున్నది, నువ్వు నాకన్న బాగ ఎరుగుదువు. వాళ్లకు రాద్దాం. తేదీలు, ఎవరు వేసిండు, ఎన్ని వేసుకున్నవ్, అన్నీ నీ చేత్తోనే. నువ్వు చెయ్యి చాపిన సంగతి మొదటి పేరాలనే ఉండాలె, చివర కాదు. సీసా బట్టల చుట్టి పెట్టు, పోస్టుల వేయకు, మనం పట్టుకొని పోదాం. మోతీబాయి నీ పేరు నవంబరుకు పంపవద్దు. వాళ్లు తేల్చేదాక ఉరకవద్దంటే ఉరకవు. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగింది, నీకు కనబడే ఉంటది. పదివేల మీటర్ల కోసం ఆరేండ్లు ఉరికిన కాళ్లు నీవి, నావి కాదు. కాని నువ్వు ఊకుంటే తర్వాతి సూది శ్రుతికి. ఆమె చీటీని కూడ జోడిద్దాం, ఆమెను అడిగినంకనే. నిన్న మాడుగులపల్లి పోయి వాళ్ల అమ్మను కలిసిన. ఎల్లుండి ఆమె కొండ బస్సెక్కుతున్నది, పిల్లను తెచ్చుకునేందుకు.

నీ టైం నీదా, సూదిదా అనే అనుమానానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. ఏడాది ఆగి కాల్వ కట్ట మీద మళ్లీ ఉరికి చూసుకుందువు. ఎవరి మాటా వినకు, ఇప్పటి టైం, అప్పటి టైం రెండూ రాసి ఉంచు.

ఆండాళుకు చెప్పిన. అరగంట ఏడ్చింది, తర్వాత ఫ్లెక్సీ ఎట్ల అన్నది. దాని సంగతి తేలిపోయింది. ఆగస్టు వానలకు ఒక మూల చినిగితే ఆటో నడిపే రవి విప్పుకపోయి తన ఆటో వెనక వానకు కట్టుకున్నడట. నాయకుల మొకాలు లోపలికి మలిచిండు, నీది బయటికి వచ్చింది. సూర్యాపేట అంతా తిరుగుతున్నవ్, బస్టాండుల మాత్రం లేవు. ధైర్యంగ దిగొచ్చు.

నేను శుక్రవారం పొద్దటి బస్సుకు వస్తున్న. అక్కడి నుంచి తిరుమలగిరి కూడ ఒకసారి పోయేదున్నది, ఒక్క పూట పని. నువ్వు తోడు రావాలె, ఆమె తలుపు తీస్తే నాకు మాట రాకపోవచ్చు.

మోతీబాయిని నా తరఫున అడుగు. కాల్వ మీద బస్సు ఇంకా రాలేదు, కనుక మీ ఇంటికే నడిచి వస్త. టీకి నీళ్లు పెట్టి ఉంచు. ఎంతకు మసిలినయో ఈసారి రాయనక్కర లేదు.

అమ్మమ్మ